నాలుగో గ్యాలరీ ఒక్కపొద్దు

పున్నం మర్నాడు. పైన: తలుపు తీయవద్దన్నారు. కింద: చల్లగా ఉంది.

పంట కమిటీ వాళ్లు ప్రతి సర్దారూ రోజువారీ పుస్తకం రాయాలన్నారు. పూటకు నాలుగు వాక్యాలు చాలన్నారు కూడా. నా సంగతి తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ, నేను నాలుగు వాక్యాల్లో ఒదిగే మనిషిని కాను. ఓపిక ఉన్నవాళ్లు చదువుకోండి. లేనివాళ్లు పేజీ తిప్పేసినా నేనేమీ అనుకోను.

నా పేరు జాడి సువర్ణ. నల్లగట్టు పాత బొగ్గుబాయిలో నాలుగో గ్యాలరీ సర్దారును. మా తాతలు ఈ సొరంగంలోంచి బొగ్గు తీశారు. మేము గోంగూర తీస్తున్నాం. బొగ్గు పోయినా మాటలు మిగిలాయి. ఇప్పటికీ షిఫ్టుకే దిగుతాం, టోపీ దీపం ల్యాంపు రూములోనే తీసుకుంటాం, పని చూసే మనిషి ఆడదైనా మగవాడైనా సర్దారే. పైన నేల ఎండకు పెంకులా అయిపోయాక ఊరి కూరగాయలన్నీ ఇక్కడికి దిగాయి. మట్టి లేదు. పొడుగాటి గొట్టాల్లో, మా మాటలో కాలువల్లో, నీళ్లు పారుతుంటాయి, ఆ నీళ్లలో వేర్లు వేలాడుతుంటాయి. బాయిలో ఊరే నీటినే వడకట్టి, మొక్కకు కావలసిన లవణాలు కలిపి వదులుతాం. ఆ నీటిని మేము చారు అంటాం. చారు చిక్కదనం చూసి కొలిచి కలిపే మిషన్‌ను వంటమనిషి అంటాం.

ఇక అసలు సంగతి. నిన్న పున్నం కాటాలో మా పరువు పోయింది. నెలకోసారి, పున్నం నాడు, ప్రతి గ్యాలరీ తన పంటను కమిటీ ముందు తూకం వేయాలి. మేము ఇరవై గంపల మంచి ఆకు ఇవ్వాలి. పన్నెండు గంపలు నిలిచాయి. మిగతా ఆకుకు అంచులు మాడిపోయి ఉన్నాయి, పెనం మీద మర్చిపోయిన దోసె లాగా. కమిటీ పెద్ద లింగమూర్తి గారు ఒక ఆకును దీపానికి అడ్డం పెట్టి చాలాసేపు చూసి, ఇది రెండో నెల కదా అన్నారు. వచ్చే పున్నానికి ఇరవై నిండకపోతే నాలుగో గ్యాలరీ దీపాలు ఆర్పేసి పుట్టగొడుగులకు ఇచ్చేస్తారట. పుట్టగొడుగులకు దీపం అక్కర్లేదు, కరెంటు మిగులుతుంది. లెక్క సరైనదే. అందుకే నాకు ఒళ్లు మండింది.

పైన చింతచెట్లు ఎండిపోయాక నల్లగట్టులో పులుపు అంటే మా గోంగూరే. పులుపు లేని ఊళ్లో మనుషులు ఏం తిని మాట్లాడుకుంటారో నాకు తెలియదు. పైగా ఊరు మొత్తం మీద పచ్చదనం కళ్లారా చూడాలంటే మా గ్యాలరీకే రావాలి. కమిటీ ముందు మొండికేసి ఈ గ్యాలరీని తెచ్చుకున్నది నేను. ఇది పోతే నాకు ఏడుపొస్తుంది. ఇలాంటివి ఈ పుస్తకంలో రాయవచ్చో లేదో తెలియదు గానీ, రాశాను.

గురువారం. పైన: గాడ్పు. కింద: చల్లగానే ఉంది, నా తల తప్ప.

మొక్కలు ఇవాళ ఇంకా వాడాయి. దీపాలు వెలగ్గానే నిటారుగా లేవాల్సినవి తల వేలాడేసుకుని నిలబడ్డాయి. మొహాలు చూస్తే ఆకలేనని తెలిసిపోతోంది.

దోషి ఎవరో కూడా తెలిసిపోయింది. వంటమనిషి! దాని సీసాలో లవణాల నీరు వారం నుంచి తగ్గనే లేదు. అంటే మొక్కలకు ఏమీ పెట్టడం లేదు. నిండు సీసా పక్కన పెట్టుకుని పిల్లల కడుపు మాడుస్తోంది. విప్పాను, కడిగాను, లోపలి గొట్టం మార్చాను, నాలుగు తిట్లు తిట్టాను. మళ్లీ బిగిస్తే గుర్రుమంది గానీ చుక్క వదల్లేదు.

చారు చిక్కదనం కొలిచే చేతిమీటరు ఉంది కదా అని ముంచి చూశాను. చారు బాగా చిక్కగా ఉంది, ఇంక పెట్టవద్దు అంటోంది అది. మిషన్ మీటరూ అదే అంకె చూపిస్తోంది. రెండూ ఒకే పెట్టెలో వచ్చాయి, అబద్ధమూ ఒకటే ఆడుతున్నాయి. కళ్ల ముందు మొక్క ఆకలితో వేలాడుతుంటే మీటరు మాట ఎవరు వింటారు?

మిషన్ బాగయ్యేదాకా అని చివరి వరుస దగ్గరున్న నిల్వ డ్రమ్ములోంచి, ఇంకా నీళ్లు కలపని చిక్కటి చారు నేనే గరిటెతో తీసి కాలువలో పోశాను. నాలుగు రోజులుగా పోస్తూనే ఉన్నాను. చివరి వరుసకు ఇంకొంచెం ఎక్కువ పోశాను, అది మరీ నీరసంగా ఉంది.

రెండో షిఫ్టు చూసే ఓదెలన్నను, మూడో షిఫ్టు చూసే ఐలవ్వను అడిగాను, మీ షిఫ్టుల్లో ఏమైనా తేడా కనిపించిందా అని. ఓదెలన్న పంపుల దగ్గర పుట్టి పెరిగిన మనిషి, పంపు శబ్దం ఒక్క పిసరు మారినా చెప్పగలడు. ఏమీ తేడా లేదన్నాడు. ఐలవ్వ మా అందరికంటే పెద్దది. ఆమె షిఫ్టులో దీపాలు ఆరి మొక్కలు నిద్రపోతుంటాయి. పిల్లలు మంచిగనే పండుకుంటున్నరు అంది. ఇద్దరూ నా కళ్లలోకి చూడలేదు. నా బాధ చూడలేకేమో అనుకున్నాను.

శుక్రవారం. పైన: అదే ఎండ. కింద: పురుషోత్తం.

ఐదో గ్యాలరీ పుట్టగొడుగుల సర్దారు పురుషోత్తమన్న ఊరికే చూసి పోదామని వచ్చాడు. ఊరికే చూసేవాళ్లు చొక్కా జేబులో కొలతల టేపు పెట్టుకుని రారు. నేను అటు తిరిగితే ఇటు, ఇటు తిరిగితే అటు, గోడ నుంచి గోడకు టేపు లాగుతున్నాడు.

ఏం కొలుస్తున్నావన్నా అని అడిగితే, గాలి అన్నాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ నవ్వొచ్చింది. మనిషి చెడ్డవాడు కాడు. అతని గ్యాలరీ ఇరుకు, పుట్టగొడుగుల అరలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. చీకట్లో పని చేసీ చేసీ మా దీపాల కిందికి రాగానే కళ్లు చికిలిస్తాడు. పోతూ పోతూ ఒక మాడిన ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు. అదైనా పుల్లగానే ఉందన్నాడు. నోరూరినట్టే ఉంది.

ఆదివారం. కాలువలు కడిగే రోజు.

దీన్ని నాలుగు వాక్యాల్లో రాయడం ఎవరి వల్లా కాదు.

నెలకోసారి పంపులు ఆపి, మూడు షిఫ్టుల వాళ్లమూ కలిసి కాలువలు తోముతాం. పొద్దున దిగితే సాయంత్రం దాకా పని. మధ్యలో సొరంగం మూల తెల్ల సున్నం గోడకు ఆనుకుని కూర్చుని భోజనాలు. మా వాళ్ల భోజనాల సంగతి నల్లగట్టంతా తెలుసు. చాలు అన్న మాట ఇక్కడ ఎవరికీ వినబడదు. నేను కంచం మీద చెయ్యి అడ్డం పెడితే ఓదెలన్న నా వేళ్ల సందుల్లోంచి పప్పు పోశాడు. నేను లేవబోతే ఐలవ్వ భుజం పట్టి కూర్చోబెట్టి ఇంకో ముద్ద అన్నం, దాని మీద ఉప్పూకారం దండిగా దట్టించిన గోంగూర పచ్చడి పెట్టింది. వద్దన్నకొద్దీ ఆకలిని దాచుకుంటున్నానని అనుకుంటారు. తిన్నాక గోడకు జారగిలబడ్డాను. కడుపు నిండా నీళ్లు తాగినా దాహం తీరలేదు, లేచి నిలబడే ఓపిక లేదు. ఇంతమంది ప్రేమించే మనిషికి ఇంత నీరసం ఎందుకో అనుకుంటూ కూర్చున్నాను.

అందరూ కునుకు తీస్తున్నారు కదా అని మెల్లగా లేచి చివరి వరుస దగ్గరికి నడిచాను. పంపులు ఆగి పొద్దుటి నుంచీ మొక్కలు ఏమీ తినలేదు. ఒక్క గరిటె పోసి వద్దామని.

డ్రమ్ము దగ్గర ఓదెలన్న ఉన్నాడు. చేతిలో ఇంటి నుంచి తెచ్చిన స్టీలు చెంబు. చెంబు నిండా చిక్కటి చారు. నన్ను చూసి చెంబు వెనక్కి పెట్టుకోబోయాడు, అది కాస్తా వెనకాల ఉన్న ఐలవ్వకు తగిలింది. ఆమె చేతిలో ఇత్తడి గరిటె, కొంగు కింద సగం దాచి పట్టుకుంది. నా చేతిలో నా గరిటె.

ముగ్గురం ఒకరి చేతులు ఒకరం చూసుకున్నాం.

ముందు ఓదెలన్న నోరు విప్పాడు. "నేనేం ఎక్కువ పొయ్యట్లేదు చెల్లే. షిఫ్టు దిగేటప్పుడు ఒక్క చెంబు, రెండు నెలల సంది. ఆ మిషన్ పెట్టేది పిల్లల పంటి కిందకు గూడ రాదు."

ఐలవ్వ అతని వైపు కూడా చూడలేదు. "నా షిఫ్టుల పిల్లలు ఆకలితోటి పండుకోవద్దు. వీళ్లెవ్వరు పట్టించుకుంటలేరని నేనే ఇంత పోస్తున్న బిడ్డా," అంది.

వీళ్లెవరూ పట్టించుకోవడం లేదని నేనూ అదే అనుకున్నాను. ఓదెలన్నా అదే అనుకున్నాడట. మూడు షిఫ్టులు, ముగ్గురు తల్లులు, ఒకరికి తెలియకుండా ఒకరు!

అప్పుడు నాకు దాహం వేసింది. అంటే భోజనం దగ్గరి నుంచీ వేస్తూనే ఉంది, అప్పుడు పట్టించుకున్నాను. ఉప్పు ఎక్కువైతే మనిషి ఎంత నీరు తాగినా దాహం తీరనట్టే, చారులో లవణాలు ఎక్కువైతే వేరు నీళ్లు తాగలేదు. చుట్టూ నీళ్లున్నా మొక్క వాడిపోతుంది, ఆకు అంచులు మాడతాయి. చూడటానికి ఆకలి మొహమే. అది చూసి మేము ఇంకా పోస్తాం. అది ఇంకా వాడుతుంది. డ్రమ్ము పక్కనే ఉన్న పాపానికి చివరి వరుసకు మా ముగ్గురి ప్రేమా ఎక్కువ వాటా పడింది, అందుకే అదే ఎక్కువ మాడింది.

వంటమనిషి పాడవలేదు. చారు అప్పటికే చిక్కగా ఉందని చూసి చేతులు ముడుచుకుని కూర్చుంది, అంతే. మీటర్లు రెండూ నిజమే చెప్పాయి. పనంతా అయ్యాక ఎవరూ చూడకుండా వెళ్లి మిషన్ మీద చెయ్యి వేసి తప్పైపోయిందని చెప్పాను.

బుధవారం. పైన: మబ్బు పట్టినట్టు అనిపించింది, పట్టలేదు. కింద: దొంగలు.

కాలువల్లో కొత్త నీళ్లు నింపి, ఇక ఎవరూ డ్రమ్ము ముట్టుకోవద్దని ఆర్డరు వేశాను. అందరూ బుద్ధిగా తలూపారు. మర్నాడు చారు చిక్కదనం ఒక్క అంకె కూడా దిగలేదు.

డ్రమ్ముకు తాళం వేశాను. అయినా దిగలేదు. ఆరా తీస్తే తాళం పడకముందే ఓదెలన్న ఒక సీసా, ఐలవ్వ తన టిఫిన్ డబ్బా పై గిన్నె నింపి దాచుకున్నారని తేలింది. కష్టకాలానికి పనికొస్తుందని అట. గోంగూర కష్టకాలానికి!

అవి లాక్కుని పారబోశాను. అరిచాను కూడా. ఇంకో గరిటె పడితే గ్యాలరీ పోతుంది, దీపాలు ఆరిపోతాయి, మీ పిల్లల స్థానంలో పురుషోత్తమన్న పుట్టగొడుగులు కూర్చుంటాయి అన్నాను. ఐలవ్వ కళ్లు తుడుచుకుంది. తప్పు తెలియక కాదు, చేతులు ఊరుకోవు అంది. ఎదురుగా వాడిన మొహం పెట్టుకుని ఉంటే పెట్టకుండా ఎట్లా ఉంటారు మనుషులు?

తాళంచెవి నా నడుముకే ఉంది. సాయంత్రం ఆరో వరుసలో ఒక మొక్క మరీ దీనంగా చూసింది. ఒక్క గరిటె పోశాను. ఇది రాయకూడదనుకున్నాను.

శనివారం. పైన: ఎండ. కింద: దారి దొరికింది.

ఇవాళ పొద్దున షిఫ్టు మారేటప్పుడు ఓదెలన్న తన పెళ్లాం ఉడికించి పంపిన బొబ్బెర గుడాలు తెచ్చాడు. తన షిఫ్టు రెండోదే అయినా, చూడవలసిన పంపేదో ఉందని వంకపెట్టి పొద్దుటే దిగుతాడు, అసలు పని మాకు తినిపించడమే. దోసిళ్లతో అందరికీ పెడుతున్నాడు. నాకు చాలన్నాక రెండుసార్లు పెట్టాడు. రాత్రంతా పని చేసి అలసిపోయి కూర్చున్న ఐలవ్వ దగ్గరికి వచ్చేసరికి దోసిలి చాచినవాడు ఆగిపోయాడు.

"ఇయ్యాల శనివారం గదా అవ్వా, మర్చిపోయిన," అని చేయి వెనక్కి తీసుకున్నాడు.

నేను ఊరుకోకుండా, కొంచెం తిను అవ్వా, మొహం పీక్కుపోయింది అన్నాను. ఐలవ్వ నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "ఒక్కపొద్దున్న మనిషిని ఎంగిలి జెయ్యమని అడగద్దు బిడ్డా. తిన్నోళ్లకు గాదు, పెట్టినోళ్లకు తగుల్తది పాపం."

ఊరందరి నోళ్లలో ముద్దలు కుక్కే ఓదెలన్న గుడాల గిన్నె మీద మూత పెట్టి, ఆమెకు కనబడకుండా పక్కకు జరిపాడు. మా వాళ్లు ఒకరికి పెట్టకుండా చేయి ఆపుకోవడం నేను చూసింది అప్పుడే. ఆర్డరుకు ఆగని చేయి, తాళానికి ఆగని చేయి, ఒక్కపొద్దుకు ఆగింది.

వెంటనే అక్కడే చెప్పేశాను. ఈ రోజు నుంచి నాలుగో గ్యాలరీ మొత్తం ఒక్కపొద్దు పట్టింది. బుధవారం దాకా ఉత్త నీళ్లే. తర్వాత వంటమనిషి పెట్టింది తింటాయి, ప్రతి శనివారం మళ్లీ ఉత్త నీళ్లే.

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఐలవ్వ మాత్రం ఏ దేవునికి మొక్కినవని గట్టిగా అడిగింది. అంత దూరం నేను ఆలోచించలేదు. పున్నానికి అన్నాను. పున్నమైతే మంచిదే అంది ఆమె. కొంగు అంచు నుంచి పసుపు దారం తీసి డ్రమ్ము మూతకు కట్టింది. నేను తాళం తీసేశాను. ఇంక దాని అవసరం లేదు.

మంగళవారం. పైన: ఎండ. కింద: ఉత్త నీళ్లు.

చిక్కదనం దిగుతోంది. రోజూ పాత చారు బయటికి వదిలి కొత్త నీళ్లు నింపుతున్నాం. డ్రమ్ము దగ్గరికి ఎవరూ పోలేదు. నిన్న ఓదెలన్న చేతిలో చెంబుతో అటు రెండడుగులు వేశాడట, ఐలవ్వ మందలించకముందే తనే లెంపలు వేసుకుని తిరిగి వచ్చాడట. ఐలవ్వే చెప్పింది, గర్వంగా.

కానీ ఆకులు పాలిపోయాయి. పచ్చటివి లేత పసుపుకు తిరిగాయి. ఉత్త నీళ్ల మీద నాలుగైదు రోజులుంటే ఇలాగే అవుతుందని తెలుసు. తెలిసినా భయం వేస్తోంది. అతి చేసి చంపబోయినవాటిని ఇప్పుడు ఆకలికి చంపుతానేమో. పున్నం దగ్గరికొస్తోంది.

చివరి వరుస మీద నాకు ఆశ లేదు. ఆకులన్నీ రాలి కట్టెల్లా నిలబడ్డాయి. వేర్లు నల్లబడి ఉంటాయి, పీకి పారేద్దామని కత్తెర పట్టుకుని పోయాను. ఐలవ్వ అడ్డం నిలబడింది. ఒక్కపొద్దులో ఉన్నదాన్ని పీకుతావా అని అడిగింది. ఇప్పుడు నా మొక్కు నాకే అడ్డం పడింది. చేసేది లేక కాండాలను మోకాలెత్తుకు కత్తిరించి మొదళ్లు వదిలేశాను. పుస్తకంలో చివరి వరుస లేదని రాసేశాను కూడా. కమిటీ వారు గమనించగలరు.

శుక్రవారం, పున్నానికి వారం. పైన: ఎండ. కింద: ఇనుప అరలు.

పురుషోత్తమన్న అరలు లిఫ్టులో దిగాయి. మా గ్యాలరీ మూతి దగ్గర గోడకు ఆనించి పెట్టించాడు. ముందే తెచ్చి పెట్టుకోకపోతే మళ్లీ లిఫ్టు దొరకదని సంజాయిషీ చెప్పాడు. రోజూ పనికి వెళ్లేటప్పుడు వాటి పక్క నుంచే నడవాలి. పెళ్లికి ముందే వచ్చి కూర్చున్న వియ్యాలవారి లాగా ఉన్నాయి.

మంచి సంగతి కూడా రాస్తాను. వంటమనిషి పని మొదలెట్టింది. గుర్రుమని, టుక్కుమని, సీసాలో నీరు వేలెడు తగ్గింది. నాకు దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. కొత్త ఆకు వస్తోంది, అంచులు నున్నగా, ఎర్రటి కాడతో. దీపాలు వెలగ్గానే వరుసలన్నీ తలెత్తుతున్నాయి. పొద్దున దిగగానే ఆ చప్పుడు లేని లేవడం చూస్తే చాలు, నాకు ఆ రోజంతా కోపం రాదు. వచ్చినా నిలవదు.

మొండి మొదళ్లకు కూడా చిగుళ్లొచ్చాయి. కానీ అవి చిన్నవి. కాటా నియమం ప్రకారం ఆకు అరచేయంత ఉంటేనే లెక్క. అవి వచ్చే నెలకు, మనం ఉంటే.

పున్నం.

ఆత్రంగా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే క్షమించండి.

కాటా గ్యాలరీ మూతి దగ్గరే పెట్టారు, ఆ అరల ముందు. లింగమూర్తి గారు కుర్చీలో కూర్చున్నారు. మూడు షిఫ్టుల వాళ్లం నిలబడ్డాం. పురుషోత్తమన్న తన మనుషులతో ఒక పక్కన నిలబడ్డాడు. ఒక్కో గంపా వచ్చింది. లింగమూర్తి గారు ప్రతి గంపలోనూ చెయ్యి పెట్టి అడుగు నుంచి ఆకు తీసి చూశారు. మాడిన ఆకు ఒక్కటి దొరకలేదు. పద్దెనిమిది గంపలు నిండాయి. పంతొమ్మిది నిండింది. ఇరవయ్యోది సగానికి వచ్చి ఆగిపోయింది. వరుసలన్నీ అయిపోయాయి.

లింగమూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకూ బాధగానే ఉందని నాకు తెలుస్తూనే ఉంది, అయినా నియమం నియమమే కదా. నేను ఆ సగం గంప వైపు చూస్తూ నిలబడ్డాను. ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను.

అప్పుడు ఐలవ్వ ఎవరినీ అడక్కుండా కొడవలి తీసుకుని లోపలికి నడిచింది. చివరి వరుస మొదళ్లకు వచ్చిన చిగుళ్లు కోసి కొంగులో పోసుకుని తెచ్చి గంపలో కుమ్మరించింది. గంప నిండింది. లేత ఆకు, ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది. దాని పులుపు వాసన అరల దాకా పాకింది.

లింగమూర్తి గారు ఒక ఆకు తన అరచేతిలో పెట్టుకున్నారు. ఆయన చెయ్యి చేట. ఆకు దాని మధ్యలో ఒంటరిగా పడి ఉంది. అరచేయంత లేదు కదమ్మా అన్నారు.

ఐలవ్వ తన చెయ్యి చాపింది. ఆమెది చిన్న చెయ్యి, బొమ్మ చెయ్యంత. ఆకు తీసి అందులో పెట్టుకుంది. వేళ్ల మొదళ్ల దాకా సరిపోయింది. "అరచెయ్యి అని రాసిన్రు సారు. ఎవ్వరిదని రాయలే," అంది.

లింగమూర్తి గారు ఆ చేతినీ ఆకునూ మార్చి మార్చి చూశారు. తర్వాత పురుషోత్తమన్న వైపు తిరిగి, నువ్వెప్పుడూ టేపు పెట్టుకుని తిరుగుతావు కదయ్యా, ఇటు తీసుకురా, కొలిచి తేల్చేద్దాం అన్నారు.

టేపు అతని చొక్కా జేబులోనే ఉంది. ఉబ్బెత్తుగా నాకు కనిపిస్తూనే ఉంది, లింగమూర్తి గారికీ కనిపిస్తూనే ఉండాలి. పురుషోత్తమన్న నిండిన గంప వైపు చూశాడు. మా దీపాల వైపు చూసి కళ్లు చికిలించాడు. గుటక మింగాడు.

"ఇంట్ల మర్చిపోయొచ్చిన సారు," అన్నాడు.

లింగమూర్తి గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. అయితే అవ్వ చెయ్యే లెక్క, రాసుకోండి, ఇరవై అన్నారు.

ఓదెలన్న నన్ను ఎత్తబోయి నడుం పట్టేసి మధ్యలోనే దింపాడు. పురుషోత్తమన్న తన అరలను తనే భుజాన వేసుకుని వెనక్కి మోసుకుపోయాడు. మా వాళ్లు ఇంకో పక్క పట్టారు. ఊరికి ఆకు పంచేటప్పుడు అతని వాటా నేనే స్వయంగా ఏరి పెట్టాను.

ఆదివారం. పైన: నిజంగానే మబ్బు పట్టింది. కింద: ఒక్కపొద్దు విడుపు.

ముందు కమిటీ వారికి: ఇరవై గంపలు. మీకు కావలసిన వాక్యం ఇదొక్కటే, మిగతాది చదవకపోయినా పర్వాలేదు.

నిన్న శనివారం ఉత్త నీళ్లు పెట్టాం. ఇవాళ పొద్దున విడుపు. ఒక సంగతి నాకు అర్థమైంది. ఈ చేతులు శనివారం ఆగుతాయి గానీ, ఆదివారం నుంచి శుక్రవారం దాకా వాటిని ఎవరూ ఆపలేరు. ఆపాల్సిన అవసరం కూడా నాకు కనబడలేదు. అందుకని వంటమనిషి ముందు కూర్చుని దాని అంకె కొంచెం తగ్గించాను. సరిగ్గా ముగ్గురి గరిటెల మేరకు. ఆ వాటా మాది. రోజుకు షిఫ్టుకొక్క గరిటె, అందరి ముందు, గోడకు కొట్టిన మేకుకు వేలాడే ఆ ఒక్క గరిటెతోనే. దాచుకోవడాలు లేవు, చెంబులు లేవు. వంటమనిషి గుర్రుమని ఒప్పుకుంది.

మధ్యలో పురుషోత్తమన్న వచ్చాడు. టేపు జేబులోనే ఉంది. చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి గొంతు తగ్గించి, పుట్టగొడుగులకైతే ఏ వారం మంచిదని ఐలవ్వను అడిగాడు. అతని మనుషులు షిఫ్టు షిఫ్టుకూ ఎవరికి వారు నీళ్లు చల్లేస్తున్నారట, కింది అరలు కుళ్లుతున్నాయట. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. సోమవారం పెట్టుకోమంది ఐలవ్వ, శివునికి చల్లదనం ఇష్టమని. అతను తలూపి, వేళ్ల మీద లెక్క వేసుకుంటూ పోయాడు.

తర్వాత విడుపు. ముందు ఓదెలన్న తన గరిటె పోశాడు, కళ్లు మూసుకుని. తర్వాత నేను పోశాను. ఐలవ్వ చివరి వరుస దగ్గర నిలబడింది. ఆ మొదళ్లకు మళ్లీ చిగుళ్లు వస్తున్నాయి. గరిటె ముంచి, కాలువలో మెల్లగా పోసి, తిను బిడ్డా అంది. మళ్లీ గరిటె ముంచింది. ఓదెలన్న నా వైపు చూశాడు. నేను నోరు తెరవబోయి ఊరుకున్నాను.

ఆమె నిండు గరిటె పట్టుకుని మొక్కను ఎగాదిగా చూసింది. చేత్తో ఒక ఆకు వెనక్కి తిప్పి అంచు తడిమింది. తర్వాత గరిటెలోది తిరిగి డ్రమ్ములో పోసి, మూత పెట్టి, గరిటెను మేకుకు తగిలించింది.

"చాలు తియ్, కడుపు నిండింది దానికి," అంది.

ఐలవ్వ నోట చాలు అన్న మాట నేను వినడం ఇదే మొదటిసారి.